పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుకి యాక్సిల్ మార్చడం, రీబిల్డ్ చేయడం: మొదటి కొలత నుంచి మొదటి ఆయిల్ మార్పు దాకా

యాక్సిల్ స్వాప్ ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే ఒక యాక్సిల్ కొని షెడ్డులో పడేసి ఉంటారు. అసలు చిక్కంతా అక్కడే. యాక్సిల్ దొరికింది కదా అని కొంటే దానికి తగ్గట్టు బండి మొత్తాన్ని మార్చుకోవాల్సి వస్తుంది. ముందు కొలతలు, తర్వాత కొనడం, ఆ తర్వాతే పానా పట్టుకోవడం.

ఇక్కడ చెప్పేది ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి దూలం), కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), పార్ట్ టైమ్ ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని వెనక యాక్సిల్‌కి, కావాలన్నప్పుడు ముందు యాక్సిల్‌కి కూడా పంచే గేర్ పెట్టె) ఉన్న బండ్ల గురించి. మీ బండి సర్వీస్ మాన్యువల్ పక్కనే ఉండాలి. టార్క్ అంకెలు మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి వాటిని అందులోనే చూసుకోండి.

## 1. కొనేముందు తేల్చుకోవాల్సినవి

పినియన్ (యాక్సిల్ లోపలి పెద్ద గేరు క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) ఏ పక్కన ఉంది? ముందు యాక్సిల్లో డిఫరెన్షియల్ గుండు (ఆ గేర్లుండే ఉబ్బెత్తు భాగం) ఎడమవైపో కుడివైపో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు అవుట్‌పుట్ కూడా అదే పక్కన ఉండాలి. ఇది కుదరకపోతే ఆ యాక్సిల్ ఎంత చవకైనా వదిలేయండి.

వెడల్పు. ఒక చక్రం కూర్చునే ముఖం నుంచి రెండో చక్రం కూర్చునే ముఖం దాకా కొలవండి. డ్రమ్ము అంచు నుంచి కాదు.

రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో. ముందూ వెనకా ఒకటే ఉండాలి. 4.10, 4.11 లాంటి చిన్న తేడా పర్వాలేదు. వెనక 4.10, ముందు 3.73 పెట్టి ఫోర్ వీల్ వేస్తే గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుపోతుంది.

యాక్సిల్ మీద ట్యాగ్ లేకపోతే రేషియో ఇలా తెలుసుకోవచ్చు. ఒక పక్క హబ్ కదలకుండా పట్టుకుని, రెండో పక్కదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఓపెన్ డిఫరెన్షియల్ (లాకింగ్ లేని మామూలు రకం) అయితే పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. కవర్ తీసి ఉంటే ఇంకా తేలిక: క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగించండి. 41 బై 11 అంటే 3.73.

టైర్లు కూడా పెంచుతుంటే లెక్క ఇది: కొత్త టైరు ఎత్తును పాత టైరు ఎత్తుతో భాగించి, పాత రేషియోతో గుణించాలి. 29 ఇంచుల నుంచి 33కి వెళ్తుంటే 3.73 స్థానంలో సుమారు 4.24 కావాలి. 4.10 తీసుకుంటే హైవేకి హాయి, 4.56 తీసుకుంటే బరువుకి, ఎగుడుదిగుడుకి హాయి.

కేరియర్, అంటే గుండు లోపల క్రౌన్‌ని మోసే కేసు. డానా 44లో (డానా యాక్సిళ్ల కంపెనీ, 44, 60 దాని మోడళ్లు) 3.73, అంతకంటే తక్కువ రేషియోలకు ఒక కేరియర్, 3.92 నుంచి పైకి ఇంకొకటి. డానా 60లో 4.10 దాకా ఒకటి, 4.56 నుంచి ఇంకొకటి. కొత్త గేర్లు కొని కేరియర్ మర్చిపోవడం చాలామందికి జరిగే పొరపాటే.

వీల్ బోల్టుల వృత్తం. ముందూ వెనకా ఒకటే ఉంటే ఒక్క స్పేర్ చక్రంతో సరిపోతుంది. రెండు వేర్వేరుగా ఉంటే ఆ తలనొప్పి తెలిసేది దారి మధ్యలో పంక్చర్ పడినప్పుడు.

ఫుల్ ఫ్లోటా, సెమీ ఫ్లోటా? ఫుల్ ఫ్లోట్ వెనక యాక్సిల్లో బండి బరువును హబ్ మోస్తుంది, షాఫ్ట్ తిప్పుడు మాత్రమే చూసుకుంటుంది. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడదు. సెమీ ఫ్లోట్‌లో రెండు పనులూ షాఫ్ట్‌వే. బరువు లాగే బండికైతే నేను ఫుల్ ఫ్లోట్ వైపే మొగ్గుతాను.

## 2. విప్పకముందు రాసుకోవాల్సిన కొలతలు

బండి సమతలమైన నేల మీద, మామూలుగా ఉండే బరువుతో, చక్రాల మీద నిలబడి ఉండగానే ఇవన్నీ తీసుకోండి. స్టాండ్ల మీద తీసిన కొలత పనికిరాదు.

- ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు, వెనక అవుట్‌పుట్‌ల వాలు (యాంగిల్ గేజ్‌తో, డిగ్రీల్లో)
- పాత పినియన్ల వాలు
- ముందు యాక్సిల్ క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే, చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వాలు)
- స్ప్రింగ్ ప్యాడ్ల (యాక్సిల్ మీద కమాన్ పట్టీలు కూర్చునే పలకల) మధ్య దూరం, వాటి వెడల్పు, మధ్య రంధ్రం సైజు
- చాసిస్ నుంచి యాక్సిల్ ట్యూబ్ పైభాగం దాకా ఎత్తు, రెండు పక్కలా
- స్ప్రింగ్ ముందు బోల్టు నుంచి యాక్సిల్ మధ్యకి దూరం, రెండు పక్కలా
- ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌కి పోయేది) పొడవు, క్రాస్ (షాఫ్ట్ చివరి కీలు) మధ్య నుంచి క్రాస్ మధ్యకి
- బ్రేక్ హోస్ ఎక్కడ బిగించి ఉంది, ఎంత వదులుంది

ఫోన్‌తో ఫోటోలు తీయండి, కానీ అంకెలు కాగితం మీదే రాయండి. గ్రీజు చేతులతో ఫోన్ తెరిచి ఫోటో వెతుక్కోవడం ఎంత చిరాకో ఒక్కరోజులో తెలుస్తుంది.

## 3. పనిచోటు, పనిముట్లు

కావాల్సినవి: చాసిస్ కింద పెట్టడానికి నాలుగు గట్టి స్టాండ్లు, రెండు ట్రాలీ జాకీలు, డయల్ గేజ్, ఇంచ్-పౌండ్లలో చదివే బీమ్ టార్క్ రెంచ్, మామూలు టార్క్ రెంచ్, బేరింగ్ పుల్లర్, ప్రెస్, గేర్ మార్కింగ్ పేస్ట్, వెర్నియర్. క్లిక్ రకం టార్క్ రెంచ్‌తో పినియన్ ప్రీలోడ్ (బేరింగ్‌కి ముందే ఇచ్చే బిగువు) కొలవలేరు. అది తిరుగుతుండగా ఎంత బలం పడుతోందో చూపించదు.

పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కంప్రెసర్‌తో ఊదకండి, తడిపి తుడవండి.

## 4. పాత యాక్సిల్ దించడం

1. వారం ముందు నుంచే యూ బోల్టులకు, షాకిల్ బోల్టులకు పెనిట్రేటింగ్ ఆయిల్ కొడుతూ ఉండండి.
2. చాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టండి. ఆన్చాల్సింది చాసిస్ రైలుకే, స్ప్రింగ్ హ్యాంగర్‌కి కాదు.
3. యాక్సిల్ కింద జాకీ ఉంచి, కమాన్ పట్టీల మీద బరువు లేకుండా చేయండి.
4. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి, ఫ్లాంజ్‌కి పంచ్‌తో గుర్తు పెట్టి విప్పండి.
5. బ్రేక్ లైను, హ్యాండ్ బ్రేక్ కేబుల్, బ్రీదర్ గొట్టం (గుండు గాలి పీల్చి వదిలేది), షాక్ అబ్జార్బర్లు విప్పండి.
6. యూ బోల్టులు చివర్లో విప్పండి. తుప్పు పట్టినవి కోసేయండి, ఎలాగూ వాటిని మళ్లీ వాడకూడదు.

డిఫరెన్షియల్ గుండు పక్కకి ఉంటుంది కాబట్టి యాక్సిల్ ఒకవైపు ఒరుగుతుంది, పైగా పినియన్ ముక్కు కిందికి తిరుగుతుంది. జాకీకి బెల్టుతో కట్టి, రెండో మనిషి ఉండగానే దించండి.

## 5. హౌసింగ్ బాగుందా లేదా చూడటం

కొత్తగా తెచ్చిన యాక్సిల్ పూర్తిగా విప్పండి. "బాగానే నడిచింది" అని అమ్మినవాడు చెప్పిన మాట సాక్ష్యం కాదు.

విప్పేముందు క్రౌన్‌కి బ్యాక్‌లాష్ (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య వదులు) కొలిచి రాసుకోండి, పాత ప్యాటర్న్ (పళ్లు ఎక్కడ కలుస్తున్నాయో చూపే ముద్ర; పద్ధతి 6వ భాగంలో ఉంది) తీసుకోండి. బేరింగ్ క్యాప్‌లకు ఎడమ ఒక చుక్క, కుడి రెండు చుక్కలు పంచ్‌తో కొట్టండి. ఆ క్యాప్‌లు హౌసింగ్‌తో కలిపి బోర్ చేసినవి కాబట్టి అటూఇటూ మారినా, తలకిందులైనా బేరింగ్ సరిగా కూర్చోదు. ప్రతి షిమ్‌ని (సర్దుబాటుకి పెట్టే పలచటి రేకుని) తీసిన చోటు పేరు రాసిన కవర్లో వేయండి.

షాఫ్టుల్ని వెలుతురులో పెట్టి, స్ప్లైన్ (షాఫ్ట్ చివరి పళ్ల) గీతల వెంట ఒక కన్ను మూసి చూడండి. గీతలు తిన్నగా ఉండాలి. కొంచెమైనా మెలి తిరిగి కనిపిస్తే ఆ షాఫ్ట్ విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. సీల్ పెదవి రాసుకునే చోట గోరుతో గీకండి. గోరు తట్టుకుంటే కొత్త సీల్ కూడా కారుతుంది. స్లీవ్ వేయించండి.

ట్యూబులు వంగాయేమో తేల్చడానికి సులువైన దారి: రెండు చివర్లా మధ్య బిందువుల గుండా దారం బిగించి లాగండి, అది కేరియర్ బేరింగ్ ఒడి మధ్యలోంచి పోవాలి. అనుమానం వస్తే మెషిన్ షాపులో అలైన్‌మెంట్ బార్ పెట్టించండి.

ఇంకొకటి. డానా ముందు యాక్సిళ్లలో లోపలి సీళ్లు ట్యూబ్ లోపలి చివర, డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి. ట్యూబులో బురద మిగిలి ఉంటే, షాఫ్ట్ తోసేటప్పుడు ఆ బురదనంతా నేరుగా కొత్త సీల్‌కి పూస్తారు. పాత గుడ్డ కట్టి ట్యూబుని రెండు మూడుసార్లు లాగి శుభ్రం చేయండి.

## 6. క్రౌన్, పినియన్ సెటప్

టెన్షన్ అంతా ఇక్కడే. నిజానికి ఇందులో తేల్చాల్సినవి నాలుగే: పినియన్ లోతు, పినియన్ ప్రీలోడ్, బ్యాక్‌లాష్, కేరియర్ బేరింగ్ ప్రీలోడ్. ఒకటి మారిస్తే ఇంకోటి కదులుతుంది కాబట్టి కింద చెప్పే పని వరుస తప్పకండి.

సెటప్ బేరింగ్‌లు చేసుకోండి. కొత్త బేరింగ్ నంబరే ఉన్న పాతవాటి లోపలి రింగుని, చేత్తో జారేంతవరకు లోపల కొద్దిగా అరగదీయించండి. షిమ్ మార్చిన ప్రతిసారీ ప్రెస్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. అన్నీ కుదిరాకే కొత్త బేరింగ్ ప్రెస్ చేయండి.

క్రౌన్ బిగింపు. కేరియర్ ముఖాన్ని రాతితో నునుపు చేయండి. క్రౌన్‌ని హాట్ ప్లేట్ మీదో వేడి నూనెలోనో కాస్త వేడి చేస్తే తేలిగ్గా కూర్చుంటుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు. కొత్త బోల్టులు, ఎర్ర థ్రెడ్ లాకర్, ఎదురెదురుగా బిగింపు.

పినియన్ లోతు. ముందు పాత షిమ్‌తోనే మొదలుపెట్టండి. ఈ దశలో క్రష్ స్లీవ్ (నట్ బిగిస్తే నలిగి ప్రీలోడ్‌ని నిలిపే గొట్టం) వేయకుండా, వదులు పోయేంతవరకే నట్ బిగించండి.

బ్యాక్‌లాష్. డయల్ గేజ్ ముల్లు క్రౌన్ పంటికి నిటారుగా, అంచు దగ్గర ఆనాలి. చాలా యాక్సిళ్లకు 0.13 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది. నాలుగు చోట్ల కొలవండి. చోటుచోటుకీ తేడా ఎక్కువగా ఉంటే క్రౌన్ కింద చెత్త ఉందని అర్థం. సరిచేయడానికి ఒక పక్క షిమ్ తీసి రెండో పక్క అంతే వేయండి. మొత్తం మందం మారకపోతే కేరియర్ ప్రీలోడ్ కూడా మారదు.

ప్యాటర్న్ చదవడం. మూడు నాలుగు పళ్లకు రెండు పక్కలా పేస్ట్ పలచగా రాయండి. పినియన్‌కి గుడ్డ చుట్టి పట్టుకుని కొంచెం బ్రేక్ లాంటి ఒత్తిడి ఇస్తూ క్రౌన్‌ని రెండు వైపులా తిప్పండి. ఒత్తిడి లేకుండా తిప్పితే వచ్చేది ప్యాటర్న్ కాదు, మరక.

- ముద్ర పంటి పై అంచు వైపు ఉంటే పినియన్ దూరంగా ఉంది. దగ్గరికి జరపాలి, అంటే మందం షిమ్.
- ముద్ర పంటి మొదలు వైపు దిగిపోతే పినియన్ మరీ లోపలికి ఉంది. పలచటి షిమ్.
- ముద్ర ఎత్తు సరిపోయి, పంటి లోపలి చివరకో బయటి చివరకో జరిగితే బ్యాక్‌లాష్ కొద్దిగా మార్చి చూడండి.

షిమ్ దిశ విషయంలో ఫోర్డ్ 9 ఇంచుల యాక్సిల్‌ది తిరకాసు. అందులో షిమ్ పినియన్ సపోర్టుకి, కేసుకి మధ్య ఉంటుంది కాబట్టి మందం పెంచితే పినియన్ దూరం జరుగుతుంది.

ముద్ర అచ్చం పుస్తకంలో బొమ్మలా రావాలని రాత్రంతా కూర్చోకండి. రెండు పక్కలా పంటి ఎత్తుకి మధ్యలో, అంచులు మెత్తగా పలచబడుతూ ఉంటే చాలు. వాడిన గేర్లయితే అరిగిన చోటే మళ్లీ కలవాలి. అందుకే పాత ప్యాటర్న్ ముందే తీసుకోమన్నది.

చివరి బిగింపు, ప్రీలోడ్. లోతు తేలాక కొత్త బేరింగ్, కొత్త నట్. సీల్ లేకుండా, కేరియర్ లేకుండా కొలవాలి. డానా 44కి కొత్త బేరింగ్‌లతో 20–40 ఇంచ్-పౌండ్లు. మొదట కదిపేటప్పుడు చూపే అంకె కాదు, నిదానంగా తిరుగుతున్నప్పుడు చూపేది లెక్క. పాత బేరింగ్‌లైతే దాదాపు సగం.

క్రష్ స్లీవ్ ఉన్నవాటిలో ఓపిక కావాలి. పొడవాటి పైపు వేసి లాగుతుంటే నట్ కదలదు, కదలదు, ఉన్నట్టుండి స్లీవ్ నలుగుతుంది. పినియన్‌ని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమనడం ఆగిన క్షణం నుంచి, నట్‌ని ఒక్కోసారి గోరు వెడల్పు మాత్రమే తిప్పి కొలుస్తూ పోవాలి. దాటిపోతే నట్ వదులు చేసి సర్దుకోవడం కుదరదు. ఆ స్లీవ్ పని అయిపోయింది, కొత్తది వేయాల్సిందే. రెండు స్లీవ్‌లు ముందే తెచ్చుకోండి. నేను రెండోది వాడని రోజులు తక్కువ.

పాత డానాల్లో స్లీవ్ బదులు షిమ్‌లు ఉంటాయి. అక్కడ షిమ్ పెంచితే ప్రీలోడ్ తగ్గుతుంది.

## 7. ముందు యాక్సిల్: నకిల్స్, హబ్బులు

నకిల్ అంటే స్టీరింగ్‌తో పాటు తిరిగే, హబ్‌ని మోసే భాగం. బాల్ జాయింట్ రకం డానా 44లో కింది నట్ ముందు, తర్వాత పైన ఉండే మరల స్లీవ్, చివరికి పై నట్. వరుస తప్పితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

టొయోటా పాత సాలిడ్ యాక్సిళ్ల లాంటి మూసిన నకిల్ అయితే గోళం మీద గుంటలు పడిన చోట నున్నగా చేయాలి. లేకపోతే తుడుపు సీల్ నెల తిరక్కుండా కారుతుంది. కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగ్ ప్రీలోడ్‌ని స్ప్రింగ్ తక్కెడతో నకిల్‌ని లాగి కొలవాలి, సీలూ టై రాడ్డూ (రెండు నకిల్స్‌నీ కలిపే కడ్డీ) లేకుండా. ఇది వదులైతే చక్రాల వణుకు గ్యారంటీ.

హబ్ బేరింగ్‌కి పద్ధతి: చక్రం తిప్పుతూ లోపలి నట్ గట్టిగా బిగించండి, బేరింగ్ కూర్చుంటుంది. తర్వాత వదిలి, మాన్యువల్ చెప్పిన మేరకు మళ్లీ బిగించండి. లాక్ వాషర్, బయటి నట్ వేశాక ఇంకోసారి చూడండి, ఎందుకంటే బయటి నట్ బిగిస్తే లోపలి సర్దుబాటు కొంచెం మారుతుంది. ఆ పని సుత్తి, ఉలితో కొట్టి చేసిన నట్లు ఇప్పటికే మీకు కనిపించి ఉంటాయి. సరైన సాకెట్ కొనండి.

## 8. బండి కింద పెట్టడం: కోణాలు, తర్వాతే వెల్డింగ్

నా మొదటి స్వాప్‌లో బండి స్టాండ్ల మీద ఉండగానే స్ప్రింగ్ ప్యాడ్లు పూర్తిగా వెల్డ్ చేసేశాను. కిందికి దించాక బరువు పడి కమాన్ పట్టీలు చదునయ్యాయి, పినియన్ మూడు డిగ్రీలు మారింది. గంటలో చేసిన వెల్డ్‌ని గ్రైండర్‌తో తీయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

అందుకే వరుస ఇది:

1. ప్యాడ్లను ట్యూబు మీద వెల్డ్ లేకుండా ఉంచి, యూ బోల్టులు యాక్సిల్ తిరగగలిగేంత వదులుగా వేయండి.
2. చక్రాలు తొడిగి, బండిని నేల మీదకి పూర్తి బరువుతో దించండి. ముందూ వెనకా పట్టుకుని ఊపండి.
3. యాక్సిల్ చాసిస్‌కి అడ్డంగా సరిగా ఉందా చూడండి. స్ప్రింగ్ ముందు బోల్టు నుంచి దూరం రెండు పక్కలా ఒకటే రావాలి.
4. పినియన్ కోణం పెట్టి, యూ బోల్టులు బిగించి, మళ్లీ కొలవండి.
5. ప్రతి ప్యాడ్‌కి నాలుగు చిన్న ట్యాక్‌లు. మూడోసారి కొలవండి.
6. అప్పుడు యాక్సిల్ దించి, పూర్తి వెల్డ్ చేయండి.

వెనక కోణం. రెండు చివర్లా ఒక్కో క్రాస్ ఉన్న మామూలు షాఫ్ట్ అయితే, పినియన్ గీత ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ గీతకి సమాంతరంగా ఉండాలి. పైన డబుల్ క్రాస్ ఉన్న షాఫ్ట్ అయితే పినియన్ నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. రెండిట్లోనూ ఒకటి రెండు డిగ్రీలు కిందికి వదలండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కమాన్ పట్టీలు మెలి తిరిగి పినియన్ పైకి లేస్తుంది, అప్పుడు సరిపోతుంది.

ముందు కోణం. ఇక్కడ మొదటి ఓటు క్యాస్టర్‌కే. 4 నుంచి 6 డిగ్రీలు పాజిటివ్ ఉంటే స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వస్తుంది. పినియన్ కోసం యాక్సిల్ తిప్పితే క్యాస్టర్ పోతుంది, బండి రోడ్డు మీద తేలుతుంది. రెండూ కుదరకపోతే ట్యూబ్ చివరి నకిల్ మూపుల్ని (నకిల్ బిగించే కొమ్ముల్ని) కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. అది అనుభవం ఉన్న వెల్డర్ పని.

వెల్డింగ్ జాగ్రత్తలు. బ్యాటరీ విప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టండి, కరెంటు బేరింగ్‌ల గుండా పోకూడదు. రెండు అంగుళాలు వేసి, అవతలి ప్యాడ్‌కి వెళ్లి, చల్లారాక తిరిగి రండి. ఒకేచోట వేడి చేస్తే ట్యూబు వంగుతుంది. పోత గుండుకి మామూలు వైరుతో వెల్డ్ వేయకండి, చల్లారాక పగులుతుంది.

యాక్సిల్‌ని తలకిందులుగా పెట్టేసిన వాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు బండికి ఒక్క ముందు గేరు, మిగతావన్నీ రివర్సులు.

## 9. షాఫ్ట్, బ్రేకులు, స్టీరింగ్

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవుని బండి నేల మీద నిలబడ్డాకే కొలవాలి. ఆ తర్వాత చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు స్లిప్ (షాఫ్ట్‌లో జారే భాగం) ఊడకుండా, యాక్సిల్ లేచి బంప్ స్టాప్‌కి (దాన్ని ఆపే రబ్బరు దిమ్మకి) తగిలినప్పుడు అడుగుకి కొట్టకుండా ఉందా చూడండి. రెండు చివర్ల యోక్‌లు (క్రాస్ కూర్చునే పంగలు) ఒకే వరుసలో ఉండాలి. పినియన్ యోక్ 1310, షాఫ్ట్ 1330 అయితే రెండు సైజుల్నీ కలిపే క్రాస్ దొరుకుతుంది.

డ్రమ్ముల నుంచి డిస్కులకి మారితే మాస్టర్ సిలిండర్ చూడండి. డ్రమ్ముల కోసం చేసిన కొన్నిటిలో రెసిడ్యువల్ వాల్వ్ ఉండి లైన్లో సుమారు 10 పీఎస్ఐ నిలుపుతుంది. డిస్కులకి అది ఉంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి.

చక్రాలు కదిలించే ముందు ఈ చిట్టా:

- చక్రాలు పూర్తిగా వేలాడుతూ, రెండు వైపులా పూర్తిగా తిప్పినా బ్రేక్ హోస్ లాగబడటం లేదు
- బంప్ స్టాప్ దాకా లేచినా టై రాడ్ స్ప్రింగ్‌కి, ఇంజన్ ఆయిల్ సంపుకి తగలడం లేదు
- స్టీరింగ్ డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి నకిల్‌కి పోయే కడ్డీ) వీలైనంత చదునుగా ఉంది
- ముందు చక్రాల టో-ఇన్ (వెనక అంచుల కంటే ముందు అంచులు ఎంత దగ్గరగా ఉన్నాయో) 1.5–3 మి.మీ.
- కొత్త యూ బోల్టులు, మధ్య పిన్ ప్యాడ్ రంధ్రంలో కూర్చుంది
- బ్రీదర్ గొట్టం ఇంజన్ గదిలో ఎత్తుగా కట్టి ఉంది (వేడి గుండు చల్లటి నీళ్లలో దిగితే గాలి లోపలికి పీలుస్తుంది, గొట్టం కిందే ఉంటే పీల్చేది నీళ్లు)
- ఆయిల్ నిజంగా పోశారు. నవ్వకండి, చాలామంది మర్చిపోయేది ఇదే. పాత ట్రక్కు యాక్సిళ్లకు సాధారణంగా జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్

## 10. మొదటి ప్రయాణం, తప్పులు పట్టుకోవడం

కొత్త గేర్లయితే మొదటిసారి 15–20 నిమిషాలు మాత్రమే నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. అలా రెండు మూడుసార్లు. 800 కిలోమీటర్ల దాకా ట్రైలర్ లాగడం, బరువు వేయడం వద్దు. దిగిన ప్రతిసారీ హబ్బుల్ని, గుండుని చేత్తో తాకండి. ఒక హబ్ మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ బిగువో, బ్రేక్ పట్టేయడమో.

- యాక్సిలరేటర్ నొక్కితే కూత, వదిలితే మాయం: పినియన్ లోతు సరిగా లేదు. ప్యాటర్న్ మళ్లీ తీయండి.
- వేగంతో పాటు పెరిగే గర్రుమనే చప్పుడు: బేరింగ్. మలుపులో మారితే హబ్‌ది, మారకపోతే పినియన్‌ది, లేదా కేరియర్‌ది.
- వేగం పెరిగితే అడుగున వణుకు: షాఫ్ట్ కోణాలు, లేదా యోక్‌లు వరుస తప్పడం.
- గుంత తగలగానే స్టీరింగ్ విపరీతంగా ఊగడం: క్యాస్టర్, కింగ్‌పిన్ ప్రీలోడ్, వదులు బోల్టులు. స్టీరింగ్ డ్యాంపర్ వేసి కప్పిపుచ్చకండి.
- ఆయిల్ పాల రంగులో: నీళ్లు చేరాయి. ముందు బ్రీదర్ చూడండి, తర్వాత సీళ్లు.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులన్నీ బరువు మీదే మళ్లీ టార్క్ చేయండి. తప్పకుండా కొంచెం తిరుగుతాయి. 800 దగ్గర ఆయిల్ వేడిగా ఉండగా దించి, అయస్కాంతం ప్లగ్గుని వేళ్లతో రుద్ది చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే. వేళ్ల మధ్య గరుకుగా, మెరిసే రేకులు తగిలితే కొత్త ఆయిల్ పోయకుండా కవర్ విప్పండి.